ట్రాంబోన్‌కూ ఒక పాట ఇవ్వండి

కవాతులో ట్రాంబోన్ వాయించేవాళ్లను ముందు వరసలో నడిపిస్తారు. ముందుకీ వెనక్కీ జరిగే ఆ పొడుగాటి స్లైడు ఎదుటివాడి వీపుకు తగలకూడదు కదా! పాటలో మాత్రం దాని స్థానం ఎప్పుడూ వెనకే. పెళ్లి ఊరేగింపులో గానీ, అమ్మవారి జాతరలో గానీ, వినాయక నిమజ్జనంలో గానీ బ్యాండు మేళం ఏ పాట ఎత్తుకున్నా పల్లవి క్లారినెట్‌కో ట్రంపెట్‌కో శాక్సఫోన్‌కో పోతుంది. ట్రాంబోన్ కింది స్థాయిలో నాలుగు స్వరాలు పట్టి పాటకు బరువు ఇస్తుంది, చరణానికీ చరణానికీ మధ్య ఖాళీ పూడుస్తుంది, అంతటితో దాని పని అయిపోతుంది. ఈ వాద్యానికి సొంతంగా ఒక పెద్ద రచన కావాలి. ఇరవై పాతిక మంది ఇత్తడి వాద్యాల బృందం ఎదుట ఒక్క ట్రాంబోన్ నిలబడి, వాళ్లతో వాదించి, వాళ్లను ఒప్పించి, చివరికి వాళ్లందరినీ తన వెంట నడిపించుకుపోయే రచన. పాశ్చాత్యులు కన్సర్టో అని పిలిచే ఆ ప్రక్రియలో, మన రాగాలతో, మన తాళాలతో ఒక కృషి తెలుగువాళ్ల పూనికతో జరగాలి. అందుకు అన్నిటికన్నా తగిన ఊరు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ అని నా వాదన.

ఆ ఊరే ఎందుకన్న ప్రశ్నకు జవాబు రైలు పట్టాల్లో ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) 1887లో ఏర్పడింది. తూర్పు తీర రైలు మార్గంలో కటక్ దాకా ఉన్న ఉత్తర భాగం 1902లో దాని చేతికి వచ్చింది. ఆ దారి వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల నుంచి తెలుగు కుటుంబాలు ఉత్తరానికి తరలాయి. పెద్ద వర్క్‌షాపు వెలసిన ఖరగ్‌పూర్‌లో ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, గ్యాంగ్‌మన్లుగా చేరారు. రైల్వే క్వార్టర్లలో కాపురాలు పెట్టారు, పిల్లలకు తెలుగు బడులు పెట్టుకున్నారు, అమ్మవారి సంబరాలను వెంట తెచ్చుకుని మాతా పూజగా నిలబెట్టుకున్నారు. 1927, 1928 నాటి బి.ఎన్.ఆర్. కార్మిక పోరాటాలకు ముందు నిలిచిన వి.వి. గిరి తెలుగువాడు, ఆ తర్వాత దేశానికి రాష్ట్రపతి అయ్యాడు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపిందంటే, అందుకు ప్రధాన కారణం ఈ ఊరి తెలుగువాళ్లే. గోల్ బజార్ నుంచి నింపురా దాకా, మథురాకాటీ నుంచి మలంచ దాకా నాలుగైదు భాషలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ బతికే ఊరు ఇది. ఒక్క గొంతు పదిమందితో సంవాదం చేసే సంగీతానికి ఇంతకన్నా సహజమైన పుట్టిల్లు ఏముంటుంది?

ఇత్తడి వాద్యం కూడా ఈ ఊరికి పరాయిది కాదు. బ్రిటిష్ కాలంలో రైల్వే ఉద్యోగులతోనే వలంటీరు దళాలు ఉండేవి; బి.ఎన్.ఆర్.కూ సొంత దళం ఉండేది. రైల్వే కాలనీల ఇన్‌స్టిట్యూట్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల డాన్సు సాయంత్రాలు జరిగేవి. ట్రంపెట్, శాక్సఫోన్, ట్రాంబోన్ల ధ్వని కాలనీ గోడలు దాటి వినిపించేది. ఇవాళ కూడా రైల్వే రక్షక దళానికి పలు జోన్లలో బ్యాండ్లు ఉన్నాయి; రిపబ్లిక్ డే కవాతుల్లో వాటిని చూస్తూనే ఉన్నాం. ఇక వీధిలో పెళ్లిళ్ల బ్యాండు ఎటూ ఉంది. వాద్యం ఉంది, వాయించేవాళ్లు ఉన్నారు, వినడానికి అలవాటు పడ్డ చెవులు ఉన్నాయి. లేనిదల్లా వాళ్ల కోసం రాసిన సంగీతం.

ఆ లోటు ఎంత పెద్దదో తెలియాలంటే ఇత్తడి బ్యాండు పుట్టిన చోటికి వెళ్లి చూడాలి. ఇంగ్లండులో దాన్ని పెంచింది రాజాస్థానాలు కావు; బొగ్గుగనులు, నూలు మిల్లులు, ఉన్ని మిల్లులు, రైలు వర్క్‌షాపులు. యార్క్‌షైర్‌లోని క్వీన్స్‌బరీ ఊళ్లో ఉన్ని మిల్లు కార్మికులతో 1855లో ఏర్పడిన బ్లాక్ డైక్ బ్యాండు ఇవాళ్టికీ ప్రపంచ ప్రసిద్ధం. మాంచెస్టర్‌లోని బెల్ వ్యూలో 1853లో మొదలైన పోటీలు, లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1860లో జరిగిన తొలి జాతీయ పోటీ చవక టిక్కెట్ల ప్రత్యేక రైళ్లు లేకపోతే అంత పెద్దవి అయ్యేవి కావు. బ్యాండును దేశవ్యాప్తం చేసింది రైలే. అయితే ఆ బ్యాండ్లు మొదటి అరవై ఏళ్లు వాయించినవి ఎక్కువగా ఆపెరా పాటల కూర్పులు. అప్పటి ఆపెరా పాట అంటే ఇప్పటి సినిమా పాట లాంటిదే: అందరికీ తెలిసినది, ఇంకొకరి కోసం రాసినది. 1913లో క్రిస్టల్ ప్యాలెస్ పోటీ కోసం పెర్సీ ఫ్లెచర్ 'లేబర్ అండ్ లవ్' అనే రచన చేశాక కథ మారింది. అది బ్యాండు కోసమే పుట్టిన పెద్ద రచన. ఆ తర్వాత 1928లో గుస్తావ్ హోల్స్ట్, 1930లో ఎడ్వర్డ్ ఎల్గార్ అంతటివాళ్లు గని కార్మికులు వాయించే బృందం కోసం కలం పట్టారు. 1975లో గోర్డన్ లాంగ్‌ఫర్డ్ ట్రాంబోన్‌కూ బ్రాస్ బ్యాండుకూ కలిపి ఒక రాప్సొడీ రాశాడు. ఆ దారిలో ట్రాంబోన్ సోలోలు వరసగా వచ్చాయి. మిల్లులు మూతపడ్డాయి, గనులు మూతపడ్డాయి, బ్యాండ్లు మాత్రం బతికాయి. వాటికంటూ ఒక సాహిత్యం ఏర్పడి ఉండటం అందుకు పెద్ద ఆసరా.

ట్రాంబోన్ విషయంలో ఇంతకన్నా పాత ఉదాహరణ రష్యాలో ఉంది. రిమ్‌స్కీ కోర్సకోవ్ నౌకాదళంలో పనిచేసినవాడు. 1873 నుంచి కొన్నేళ్లపాటు ఆ దేశ నౌకాదళ బ్యాండ్లన్నిటికీ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాడు. ఆ ఉద్యోగాన్ని సంతకాలకే పరిమితం చేసుకోకుండా, ఒక్కో ఊదే వాద్యాన్ని చేతబట్టి నేర్చుకున్నాడు. బ్యాండు కచేరీల్లో పాత సరుకే తిరిగి తిరిగి వస్తోందని గమనించి, 1877లో ట్రాంబోన్‌కూ సైనిక బ్యాండుకూ కలిపి కన్సర్టో రాశాడు. పది నిమిషాల చిన్న రచన; మరుసటి ఏడు క్రోన్‌స్టాట్ నౌకా స్థావరంలో దాన్ని వాయించారు. ప్రపంచంలోని సంగీత విద్యార్థులు ఇవాళ్టికీ ట్రాంబోన్ పరీక్షలకు దాన్నే సాధన చేస్తున్నారు. బ్యాండును పర్యవేక్షించే బాధ్యత ఉన్న ఒక అధికారి, తన కింద పనిచేసే వాద్యకారుల కోసం కూర్చుని రాయడం వల్ల జరిగిన మేలు అది. మన రైల్వే జోన్లలో సంగీతం తెలిసిన అధికారులు లేరా? పూనుకున్నవాళ్లు లేరంతే.

అసలు ట్రాంబోనే ఎందుకు, ట్రంపెటో యుఫోనియమో ఎందుకు కాదు? ఇక్కడే నా వాదనకు ఆయువుపట్టు ఉంది. ఇత్తడి వాద్యాల్లో మిగతా వాటన్నిటికీ దాదాపుగా వాల్వులు ఉంటాయి. వాల్వు నొక్కితే స్వరం మెట్టు దిగుతుంది, వదిలితే మెట్టు ఎక్కుతుంది. ట్రాంబోన్‌కు మెట్లు లేవు, స్లైడు ఉంది. మన సంగీతానికి ప్రాణం గమకం. గమకం అంటే స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న దారి. ఆ దారి మీద నడవగలిగిన ఇత్తడి వాద్యం ఇదొక్కటే. స్లైడుకు ఏడు స్థానాలు. మొదటి స్థానంలో అది పూర్తిగా లోపలికి ముడుచుకుని ఉంటుంది. ఏడో స్థానంలో చేయి బారుగా చాచాలి. ఒక్కో స్థానానికి ఒక్కో స్వరస్థానం చొప్పున శ్రుతి దిగుతుంది. ఊపిరి తెగకుండా, పెదవి బిగువు మారకుండా, ఆరు స్వరస్థానాల దూరం ఒక్క లాగులో జారవచ్చు. వీణ మీద తీగను పక్కకు లాగి సాధించేది, వయొలిన్ మీద వేలు జార్చి సాధించేది ఈ వాద్యం మీద మోచేతితో సాధ్యం. మన దేశంలో వాల్వు ట్రాంబోన్ కూడా వాడుకలో ఉంది. నేను చెబుతున్నది దాని గురించి కాదు, స్లైడు ట్రాంబోన్ గురించి.

సాధ్యం అనడం తేలిక. రాసేవాడికి మాత్రం లోతుపాతులు తెలియాలి. ఉదాహరణకు ట్రాంబోన్ సహజ శ్రుతి అయిన బి ఫ్లాట్‌నే షడ్జంగా పెట్టుకుని, శంకరాభరణంలో మధ్య స్థాయి గాంధారం నుంచి మధ్యమానికి జారాలనుకుందాం. ఆ గాంధారం వాద్యం మీద రెండు చోట్ల దొరుకుతుంది: స్లైడు మూసి ఉన్న మొదటి స్థానంలో, మళ్లీ నాలుగో స్థానంలో. మధ్యమం మూడో స్థానంలో ఉంటుంది. అలవాటు ప్రకారం వాద్యకారుడి చేయి మొదటి స్థానానికే పోతుంది. అక్కడ గాంధారం పట్టి మధ్యమానికి పోవాలంటే స్లైడు బయటికి జరగాలి, శ్రుతి మాత్రం పైకి పోవాలి. పెదవి బిగించి మీది హార్మోనిక్‌కు దూకాల్సిందే; మధ్యలో స్వరం తెగుతుంది, గమకం విరుగుతుంది. అదే గాంధారాన్ని నాలుగో స్థానంలో పట్టుకుంటే, స్లైడును బెత్తెడు వెనక్కి లాగితే చాలు, మధ్యమం దానంతట అదే కరిగి వస్తుంది. కాబట్టి రచయిత స్వరం రాసి ఊరుకుంటే కాదు, ఆ స్వరం పక్కన స్థానం అంకె కూడా వేయాలి. అలాగే తార షడ్జం నుంచి పంచమానికి దిగే జారు మొదటి స్థానం నుంచి ఆరో స్థానానికి ఒక్క లాగులో వస్తుంది. మధ్య షడ్జం నుంచి పంచమానికి ఎక్కే జారు మాత్రం రాదు. ఏడు స్వరస్థానాల దూరం కనుక ఎక్కడో ఒకచోట తెగి తీరుతుంది. తోడి గాంధారాన్ని ఆపకుండా వేగంగా కంపించడానికి జానకు మించిన దూరం చేయి ఊపాలి, అది మనిషికి సాధ్యం కాదు. ఇవి వాద్యం లోపాలు కావు, స్వభావాలు. వాటిని గౌరవించి రాగం ఎంచుకోవాలి. విళంబంలో సాగే ఆనందభైరవి, సహానా వంటి రాగాలు ఈ స్లైడుకు కూర్చినట్టు సరిపోతాయి. మోహనం, హంసధ్వని వంటివి వాల్వు వాద్యాల బృందం నోట స్పష్టంగా పలుకుతాయి.

ఈ తేడాలోనే కన్సర్టో నిర్మాణం దాగి ఉంది. బృందం మెట్ల మీద నడుస్తుంది, ఒంటరి ట్రాంబోన్ వాలు మీద జారుతుంది. ఆ రెండు నడకల మధ్య సంఘర్షణ, చివరికి రాజీ — మూడు భాగాల రచనకు ఇంతకన్నా గట్టి ఇతివృత్తం అక్కర్లేదు. మొదటి భాగానికి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు లయ ఉంది. రైలింజను వేగాన్ని ఆర్కెస్ట్రాలోకి తెచ్చి ఆర్తర్ హోనెగ్గర్ 1923లోనే 'పసిఫిక్ 231' రాశాడు. మన రచయిత దాన్ని అనుకరించనక్కర్లేదు, ఖండ జాతిలో, మిశ్ర జాతిలో చక్రాల నడకను కొత్తగా కట్టవచ్చు. రెండో భాగంలో ట్యూబాలు రెండు వంతులవారీగా ఊపిరి తీసుకుంటూ షడ్జ పంచమాలను తంబురాలా నిలిపి ఉంచితే, ట్రాంబోన్ ఆలాపన చేస్తుంది. మిగతా బృందం నోరు మెదపదు. మూడో భాగం అమ్మవారి ఊరేగింపు: సైడ్ డ్రమ్, బేస్ డ్రమ్ పక్కన ఉత్తరాంధ్ర డప్పు, తప్పెటగుళ్ల దరువు. ఇత్తడి బృందం గొంతు పెద్దది. సోలోను మింగేయకుండా చూడటం రచయిత మొదటి బాధ్యత. ఇందుకు తెలిసిన ఉపాయాలే ఉన్నాయి: కార్నెట్లకు మ్యూట్లు పెట్టడం, ఒక్కోసారి ముగ్గురు నలుగురితోనే సరిపెట్టడం, ట్రాంబోన్ పాడే స్థాయిలో యుఫోనియం రాకుండా ఖాళీ వదలడం. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే విద్యలే.

ఈ మాట అనగానే మొదట వచ్చే అభ్యంతరం: అది విదేశీ వాద్యం, విదేశీ ప్రక్రియ, మనకెందుకు? ఈ ప్రశ్నకు మన సంగీత చరిత్ర ఇప్పటికే చాలాసార్లు జవాబు చెప్పింది. వయొలిన్‌ను 19వ శతాబ్దపు మొదట్లో బాలుస్వామి దీక్షితులు కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. నూరేళ్లు తిరిగేసరికి విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది మన వాద్యం కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. బాలుస్వామిగారి అన్న ముత్తుస్వామి దీక్షితులు దొరల బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి నోట్టుస్వరాలుగా ఇచ్చారు. పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్ పట్టుకున్నప్పుడూ ఇదే ప్రశ్న వచ్చింది. ఆయన వాయించడం మొదలుపెట్టాక మళ్లీ ఎవరూ అడగలేదు. కద్రి గోపాల్‌నాథ్ కథ మన వాదనకు మరీ దగ్గరిది. చిన్నతనంలో మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని, దాని వెంటపడి, కర్ణాటక కచేరీ వేదిక మీద కూర్చోబెట్టాడు. బ్యాండు వరసలోంచి కచేరీ వేదికకు ఒక వాద్యం నడిచి వచ్చిన దాఖలా మన కళ్ల ముందే ఉంది. పైగా ట్రాంబోన్ ఇవాళ దిగుమతి సరుకు మాత్రమే కాదు. మీరట్‌లో నాదిర్ అలీ కంపెనీ 1885 నుంచి బ్యాండు వాద్యాల వ్యాపారంలో ఉంది. ఆ ఊరి కార్ఖానాల్లో మన పనివాళ్లు కొట్టి, వంచి, అతికిన ఇత్తడి దేశమంతా ఊదుతోంది. కొమ్ము, బాకా ఊదిన జాతికి ఇత్తడి ధ్వని కొత్త కాదు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. మన బ్యాండు వాద్యకారుల్లో చాలామంది విని నేర్చుకున్నవాళ్లు; అయిదు గీతల పాశ్చాత్య లిపి చదవడం అందరికీ రాదు. పాతిక మందికి పాతిక వేర్వేరు పాత్రలున్న అరగంట రచన వాళ్లెలా వాయిస్తారు? ఇది నిజమైన ఇబ్బందే, కాదనను. అయితే పరిష్కారం మన చేతిలో ఉన్న పుస్తకాల్లోనే ఉంది. ఎట్టయపురంలో 1904లో వెలువడిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలో అచ్చయిన గ్రంథం. స్వరాల నెత్తిన గమక చిహ్నాలు పెట్టి, ఎక్కు జారు, దిగు జారు, నొక్కు, కంపితం ఎక్కడెక్కడ రావాలో గీతల్లో చూపించింది. ఆ కృషికి ప్రోత్సాహం ఇచ్చిన చిన్నస్వామి ముదలియార్ 1890లలోనే త్యాగరాజ కీర్తనలను పాశ్చాత్య లిపిలో అచ్చువేశారు. రెండు లిపుల మధ్య వంతెన కట్టే పని నూట ముప్ఫై ఏళ్ల కిందటే మొదలైంది. కాబట్టి ఈ కన్సర్టోను రెండు లిపుల్లోనూ సిద్ధం చేయాలి. రైల్వే రక్షక దళం బ్యాండు, సైనిక బ్యాండ్లలో శిక్షణ పొందినవాళ్లు గీతల లిపిలో చదువుతారు. వీధి బ్యాండు ఉస్తాదులు గమక చిహ్నాలతో కూడిన సరిగమల్లో చదువుతారు. చదవనివాళ్లు విని పట్టుకుంటారు. ఉదయం విన్న కొత్త సినిమా పాటను సాయంత్రం ఊరేగింపుకు సిద్ధం చేయగల చెవి వాళ్లది. ఆ చెవిని తక్కువ అంచనా వేయడం మన తప్పే అవుతుంది. సాల్వేషన్ ఆర్మీ అనుభవం కూడా ఇదే చెబుతుంది. 1882లో మన దేశంలో అడుగుపెట్టి, తెలుగునాట బాపట్లలో స్థిరపడి, స్టువర్టుపురం సెటిల్‌మెంటును నడిపిన ఆ సంస్థ ప్రపంచమంతటా మామూలు పనిపాటల వాళ్లకే ఇత్తడి వాద్యాలు నేర్పి, వాళ్లు వాయించడానికని ప్రత్యేకంగా రచనలు చేయించింది. ఎరిక్ లైడ్జెన్ ట్రాంబోన్ కన్సర్టీనో అలా పుట్టిందే.

మూడో అభ్యంతరం శ్రోతల గురించి: జనం సినిమా పాట అడుగుతారు, అరగంట కన్సర్టో ఎవరు వింటారు? సినిమా పాట మీద నాకు ఏ కోపమూ లేదు. బ్యాండు మేళానికి ఇన్నాళ్లు అన్నం పెట్టింది అదే. కానీ ఒక్క సినిమా పాట మీదే ఆధారపడటం వల్ల ఏం జరిగిందో చూడండి. అదే పాటను ఇంతకు పదింతల శబ్దంతో, ఇద్దరు మనుషులతో, ఒక వ్యాన్ మీద డీజే వాయించగలడని తెలిశాక బ్యాండును ఎవరు పిలుస్తారు? బ్యాండు వాయించే పాట డీజే దగ్గరా ఉన్నప్పుడు శబ్దమే గెలుస్తుంది. ఆ శబ్దం భరించలేకే 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించాల్సి వచ్చింది. నిషేధం బ్యాండుకు కొంత చోటు మిగల్చవచ్చు గానీ, గౌరవం ఇవ్వదు. డీజే వాయించలేనిది, బతికున్న మనిషి ఊపిరితో తప్ప పలకనిది ఒకటి బ్యాండు చేతిలో ఉన్నప్పుడే దానికి భవిష్యత్తు ఉంటుంది. పెళ్లి ఊరేగింపులో కన్సర్టో మొత్తం వాయించమని నేను అనడం లేదు. అయితే ఏడాదిలో రెండుసార్లు వేదిక మీద కూర్చుని అది వాయించిన బృందం, మర్నాడు వీధిలో వాయించే సినిమా పాట కూడా మారుతుంది. శ్రుతి కుదురుతుంది, ఒకరినొకరు వినడం అలవాటవుతుంది, ట్రాంబోన్‌కు కూడా ఒక చరణం ఇవ్వవచ్చన్న ఆలోచన ఉస్తాదుకు వస్తుంది.

చివరి అభ్యంతరం డబ్బు. బడుల్లో బెంచీలు లేనప్పుడు, రైళ్లలో చోటు చాలనప్పుడు ఇత్తడి వాద్యాలకు ఖర్చా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఇందుకు కావలసినవి భవనాలు కావు, యంత్రాలు కావు. ఒక రచయితకు కొన్ని నెలల పారితోషికం, రెండు లిపుల్లో పాత్రలు రాయించే ఖర్చు, సాధన రోజులకు వాద్యకారుల దినభత్యం, అంతే. వాద్యాలు ఇప్పటికే ఉన్నాయి, జీతాల మీద ఉన్న బ్యాండు రైల్వేకు ఇప్పటికే ఉంది, సాంస్కృతిక కోటా కింద కళాకారులకు ఉద్యోగాలిచ్చే పద్ధతి రైల్వేలో ఏనాటి నుంచో అమల్లో ఉంది. ఆ కోటాలో ట్రాంబోన్ వాయించేవాడికి కూడా చోటుండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఖరగ్‌పూర్ ఇప్పుడున్న ఆగ్నేయ రైల్వే జోన్ ఇన్‌స్టిట్యూట్లకు హాళ్లు ఉన్నాయి. అదే ఊళ్లో ఐఐటీకి నేతాజీ ఆడిటోరియం ఉంది. ఇక సాధనకు రోజులంటారా, మన పంచాంగమే ఇచ్చింది. ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలు ఉండవు. బ్యాండువాళ్ల ఇళ్లలో పొయ్యి మందగించే రోజులవి. ఆ రోజుల్లోనే సాధన పెట్టి కూలి కట్టి ఇస్తే, సంగీతమూ నిలబడుతుంది, కుటుంబమూ నిలబడుతుంది. ఇలా చూస్తే ఈ ఖర్చును కళాపోషణ పద్దులోనే కాదు, జీవనోపాధి పద్దులో కూడా రాసుకోవచ్చు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది గౌరవం. మన ఇళ్లలో ఏ శుభకార్యమూ బాజాలు లేకుండా మొదలు కాదు. ఆ బాజా మోసినవాడికి మాత్రం భోజనం చివరి బంతిలో, కుర్చీ పందిరి బయట. ఎండలో మైళ్లు నడుస్తూ, ఇతరుల కులాసాకు ఊపిరి పోసే మనిషి పేరు ఎవరూ అడగరు. అతని వాద్యం పేరు కూడా చాలామందికి తెలియదు. కన్సర్టో ఈ లెక్కను ఒక్కసారైనా తలకిందులు చేస్తుంది. అందులో వాద్యకారుడు కూర్చుంటాడు, ఊరు నిశ్శబ్దంగా వింటుంది. అతని పేరు కార్యక్రమ పత్రం మీద అచ్చవుతుంది. సోలో వాయించిన తెలుగు ఖలాసీ మనవడికో, రైల్వే రక్షక దళం కానిస్టేబుల్‌కో అందరికన్నా ముందు చప్పట్లు పడతాయి. పాతిక మంది వెనక వరసవాళ్లలో ఒకడు ముందుకు వచ్చి నిలబడి, మిగతావాళ్లు అతన్ని ఎత్తిపట్టడం — ఈ ప్రక్రియకున్న నైతిక బలం అదే. కార్మిక సంఘాన్ని తొలినాళ్లలో కట్టుకున్న ఊరికి ఈ బలం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి నేను అడిగేది స్పష్టం. ఖరగ్‌పూర్ తెలుగు సంఘాలు ముందుగా ఒక తీర్మానం చేసి ఆగ్నేయ రైల్వేకు విన్నపం ఇవ్వాలి. రైల్వే తన బ్యాండును, హాలును ఇవ్వాలి. విజయనగరం సంగీత కళాశాల, మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు రచయితను, గమక లిపి తెలిసిన పండితుడిని ఇవ్వాలి. ఉత్తరాంధ్ర నుంచి డప్పు కళాకారులను పిలిపించే ఖర్చు రెండు తెలుగు ప్రభుత్వాల సాంస్కృతిక శాఖలు పంచుకోవాలి. రిమ్‌స్కీ కోర్సకోవ్ మాదిరిగా మొదట పది నిమిషాల రచనతో మొదలుపెట్టినా చాలు; అరగంట రచన దాని వెనకే వస్తుంది. ఇక పాఠకులకు ఒక మాట. మీ ఇంట్లో ఈసారి పెళ్లికి బ్యాండును మాట్లాడుకునేటప్పుడు ట్రాంబోన్ వాయించే మనిషి పేరు అడగండి, ఒక్క చరణమైనా అతని చేత ఒంటరిగా వాయించమని ఉస్తాదుకు చెప్పండి, వాయించాక అందరితో పాటు మొదటి బంతిలో అతన్నీ కూర్చోబెట్టండి. ప్రభుత్వాల సొమ్ము అక్కర్లేకుండా ఇవాళే మొదలుపెట్టగలిగిన పని ఇది.